దుబాసి అర్కాదీ

స్త్రుగాత్‌స్కీ సోదరుల గురించి సోవియట్ సైన్స్ ఫిక్షన్ చదివినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. పుస్తకాల అట్టల మీద అర్కాదీ, బొరీస్ అని రెండు పేర్లూ కలిసే ఉంటాయి, చదివేవాళ్ల నోట్లోనూ కలిసే ఉంటాయి. నాకు మాత్రం ఆ ఇద్దరిలో పెద్దవాడైన అర్కాదీ అంటే ఒక పిసరు ఎక్కువ అభిమానం. ఆయన నవలలు రాయకముందూ అనువాదకుడే, పేరు వచ్చాకా అనువాదకుడే. సైన్యంలో జపనీస్ దుబాసిగా బతుకు మొదలుపెట్టిన మనిషి. నేనూ నా వయసులో మంచి భాగం ఇద్దరి మధ్య నిలబడి, ఒకరి మాట ఇంకొకరికి అందించే పనిలోనే గడిపాను. అందుకేనేమో, ఆయన కథల్లో మిగతావాళ్లు రాకెట్లను చూసే చోట నాకు దుబాసి కనిపిస్తాడు. ఆ సంగతి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ఆయన కథ మొదట నా చెవిన పడింది మా అన్నయ్య నోట. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాన్న స్కూలు మాస్టారు. ఆయన బెజవాడ వెళ్తే ఏలూరు రోడ్డులో విశాలాంధ్ర మెట్లెక్కకుండా తిరిగొచ్చేవారు కాదు. సోవియట్ పుస్తకాలు అక్కడ గట్టి అట్టతో, మంచి కాగితంతో, జీతగాళ్లు కూడా కొనుక్కోగలిగిన ధరకు దొరికేవి. తెలుగులో వచ్చినవి నాకు, ఇంగ్లీషువి అన్నయ్యకు. ఒకసారి అలా వచ్చిన సంచిలో ‘ఫార్ రెయిన్‌బో’ ఉంది. మాస్కోలో మీర్ పబ్లిషర్స్ 1967లో వేసిన ఇంగ్లీషు అనువాదం. నాకింకా అంత ఇంగ్లీషు రాదు. అన్నయ్య పగలు చదివినంతమేరా రాత్రి డాబా మీద పడుకుని నాకు తెలుగులో చెప్పేవాడు.

రెయిన్‌బో అనే గ్రహం. అంతా శాస్త్రవేత్తలు, వాళ్ల కుటుంబాలు. దూరాన్ని లెక్కచేయకుండా వస్తువును ఒకచోటి నుంచి ఇంకోచోటికి క్షణంలో పంపించే ప్రయోగాలు చేస్తుంటారు. ఆ ప్రయోగం వికటించి రెండు ధ్రువాల నుంచీ ఒక కెరటం లేస్తుంది. అది నడిచినంత మేరా ఏదీ మిగలదు. గ్రహం మీద ఉన్నది ఒకటే ఓడ. అందరూ పట్టరు. ఎవరిని ఎక్కించాలి? జీవితమంతా ధారపోసి సాధించిన శాస్త్రాన్నా, దాన్ని సాధించినవాళ్లనా, పిల్లలనా? అక్కడికొచ్చి అన్నయ్య ఆపేశాడు. “ఒరేయ్, నువ్వయితే ఏం చేస్తావురా?” అన్నాడు. “నేను చిన్నవాణ్నేగా అన్నయ్యా, నన్నెక్కిస్తారు” అన్నాను. “మరి నేను?” అన్నాడు. ఆ రాత్రి మేమిద్దరం అంతకుమించి మాట్లాడుకోలేదు. కథలో ఓడ కెప్టెన్ గర్బోవ్‌స్కీ పిల్లలను పంపించేసి తను కిందే ఉండిపోతాడు. అన్నయ్య మర్నాడు ఆ సంగతి చెప్పినప్పుడు పుస్తకం లాక్కుని, అర్థం కాకపోయినా ఆ పేజీలు నేనే తిప్పి చూసుకున్నాను.

రష్యన్ మీద మమకారం నాకు అలా పుట్టింది. ఇంటర్ అయ్యాక స్కాలర్‌షిప్ దొరికి మాస్కోలో లుముంబా యూనివర్సిటీకి వెళ్లాను. మొదటి సంవత్సరం ప్రిపరేటరీ ఫ్యాకల్టీలో ఒక్క రష్యన్ భాషే. కాస్త కూడబలుక్కుని చదవడం రాగానే పుస్తకాల షాపుకెళ్లి స్త్రుగాత్‌స్కీ ఉందా అని అడిగాను. కౌంటర్లో ఉన్న ఆవిడ జాలిగా చూసింది. లక్షల్లో అచ్చయ్యే దేశంలో కూడా వాళ్ల పుస్తకాలు షాపు బల్ల మీదకు వచ్చేవి కావు, వచ్చిన రోజునే మాయమైపోయేవి. మా రష్యన్ టీచరమ్మకు విషయం తెలిసి, ఓ సాయంత్రం న్యూస్‌పేపర్లో చుట్టిన కట్ట ఒకటి చేతిలో పెట్టింది. ‘అవ్రోరా’ పత్రికలో 1972లో నాలుగు సంచికల్లో వచ్చిన ‘రోడ్డు పక్క పిక్నిక్’. పత్రికల్లోంచి ఆ పేజీలు మాత్రం జాగ్రత్తగా విడదీసి, వరసన పేర్చి, దారంతో కుట్టి, పాత పూలగుడ్డ అతికించి అట్ట వేసుకున్నారు. పక్కల్లో పెన్సిల్ గీతలు. ఎంతమంది చేతులు మారిందో, అంచులు మెత్తబడిపోయాయి. “ఇది మావారి ప్రాణం. సోమవారానికల్లా తెచ్చివ్వు బాబూ” అంది. నిఘంటువు పక్కన పెట్టుకుని, నిద్ర మానుకుని చదివాను.

ఇంతకీ ఆ మనిషి బతుకు చెప్పాలి.

అర్కాదీ 1925 ఆగస్టు 28న నల్లసముద్రం ఒడ్డున బతూమీలో పుట్టాడు. తండ్రి నతాన్ చిత్రకళా విమర్శకుడు, తల్లి అలెక్సాంద్రా రష్యన్ టీచరు. పసితనంలోనే కుటుంబం లెనిన్‌గ్రాద్ చేరింది. తమ్ముడు బొరీస్ అక్కడే 1933లో పుట్టాడు. ఎనిమిదేళ్ల తేడా. యుద్ధంలో జర్మన్లు ఊరిని చుట్టుముట్టినప్పుడు అందరితోపాటు ఆ ఇల్లూ ఆకలికి బలైంది. 1942 జనవరి చివర్లో తండ్రీ పెద్దకొడుకూ గడ్డకట్టిన లదోగా సరస్సు మీదుగా ఊరు దాటారు. తల్లి, నీరసించిపోయిన చిన్నవాడు వెనక ఉండిపోయారు. తండ్రి వొలొగ్దా దాకా రాగలిగాడు. అక్కడే పోయాడు. పదహారేళ్ల అర్కాదీ ఒంటరిగా తూర్పుకు వెళ్లి, ఒరెన్‌బుర్గ్ వైపు తష్లా అనే ఊళ్లో పాలకేంద్రంలో పనికి కుదిరాడు. ఆ తర్వాత ఎలాగో తల్లినీ తమ్ముణ్నీ అక్కడికి రప్పించుకున్నాడు.

వాళ్ల పుస్తకాల్లో ఆకలి గురించి ఎక్కడా వలవలా ఏడవరు. కానీ ఎవరైనా ఎవరికైనా భోజనం పెట్టే సన్నివేశం వస్తే చూడండి, ఆ ఇద్దరి చెయ్యి అక్కడ ఆగుతుంది. ఏం వడ్డించారు, ఎంత తిన్నారు అన్నీ చెప్తారు. ఈ సంగతి నాకు ముందు మా అమ్మ చెప్పిన కరువు రోజుల మాటల వల్లే తట్టింది.

1943లో సైన్యంలోకి పిలిచారు. ముందు అక్త్యూబిన్‌స్క్‌లో ఫిరంగి దళం స్కూలు. అక్కణ్నుంచి ఎంపికచేసి మాస్కోలో సైనిక విదేశీ భాషల సంస్థకు పంపించారు. జపనీస్, ఇంగ్లీషు. యుద్ధరంగానికి పోవలసిన కుర్రాణ్ని పట్టుకుని జపనీస్ లిపి దిద్దించారన్నమాట. 1946లో చదువు పూర్తికాకుండానే, టోక్యోలో జరగబోయే యుద్ధనేరాల విచారణకు సన్నాహాల్లో భాగంగా కజాన్‌కు పంపించారు. జపాన్ ఖైదీలను ప్రశ్నించే చోట దుబాసి పని. అప్పటికాయనకు ఇరవై, ఇరవై ఒకటి.

ఇక్కడ నా సొంత గొడవ ఒకటి చెప్పాలి, లేకపోతే నేనేమంటున్నానో అందదు. మాస్కో నుంచి వచ్చాక నాకు విశాఖలో ఉక్కు కర్మాగారం పనుల్లో ఇంటర్‌ప్రిటర్‌గా ఉద్యోగం దొరికింది. సోవియట్ సాయంతో కడుతున్న ప్లాంటు. ఉక్కునగరంలో సోవియట్ నిపుణులు, వాళ్ల భార్యాబిడ్డలు. సాయంత్రమైతే సంత దగ్గర టమాటాలు బేరమాడే రష్యన్ ఇల్లాళ్లు. వాళ్లకూ మనవాళ్లకూ మధ్య మేము. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ‘గోదావరి’ని 1990లో వెలిగించారు. దానికి ముందు నెలల తరబడి రాత్రనక పగలనక టెన్షనే. ఆ హోరులో మాట వినపడదు. ఒకరి చెవిలో అరవాలి, వినాలి, తిరిగి ఇంకొకరి చెవిలో అరవాలి.

ఒక రాత్రి షిఫ్టులో ఒక వాల్వు దగ్గర నిపుణుడికీ మన ఫోర్‌మన్‌కూ మాట తేడా వచ్చింది. నిపుణుడు, “నేను ఒప్పుకోను, ఇది విప్పి మళ్లీ బిగించాల్సిందే” అన్నాడు. దుబాసికి మొదట నేర్పే పాఠం, ఎదుటివాడు ‘నేను’ అంటే నువ్వూ ‘నేను’ అనే అనాలి. ‘ఆయన ఒప్పుకోడట’ అనకూడదు. నేను ఫోర్‌మన్ చెవిలో, “నేను ఒప్పుకోను, ఇది విప్పి మళ్లీ బిగించాల్సిందే” అని అరిచాను. పన్నెండు గంటల నుంచి నిలబడి ఉన్న మనిషి. చేతిలో పానా పక్కన పడేసి నా వైపు తిరిగాడు. “నువ్వెవడివి బాబూ ఒప్పుకోకపోడానికి?” అన్నాడు. నా మీదే. అది నేను రష్యన్‌లో చెప్పక తప్పదు. చెప్పాను. నిపుణుడు తననే అన్నాడనుకుని ముఖం ఎర్రగా చేసుకున్నాడు. వాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, మళ్లీ నన్ను చూసి, ఫోర్‌మనే ముందు తేరుకున్నాడు. “నిన్ను కాదులే తమ్ముడూ” అని నా భుజం తట్టి పానా అందుకున్నాడు. వాల్వు విప్పారు, బిగించారు.

ఇంటికొచ్చి పడుకుంటే నిద్ర పట్టలేదు. ఒక వాల్వు విషయంలోనే నాకింత అనిపిస్తే, కజాన్‌లో ఆ కుర్రాడి సంగతేమిటి? తండ్రిని యుద్ధం మింగేసి నాలుగేళ్లు. ఎదురుగా ఓడిపోయిన సైన్యం మనుషులు. వాళ్ల ‘నేను’ను తన ‘నేను’గా పలకాలి. కోపం తనది కాదు, భయం తనది కాదు, అబద్ధం తనది కాదు, నోరు మాత్రం తనది. అభిప్రాయం చెప్పే హక్కు లేదు. అన్నీ అర్థమయ్యేది ఆ గదిలో అతనొక్కడికే.

‘దేవుడిగా ఉండటం కష్టం’ నవల 1964లో వచ్చింది. భూమి నుంచి అంతోన్ అనే చరిత్రకారుణ్ని ఇంకో గ్రహానికి పంపిస్తారు. అక్కడింకా మధ్యయుగాలే. అర్కనార్ రాజ్యంలో అతను దొన్ రుమాతా అనే దొరగా మారిపోయి, వాళ్ల భాషలో మాట్లాడుతూ, వాళ్ల కత్తి పట్టుకుని తిరుగుతాడు. చూడొచ్చు, వినొచ్చు, చేతనైనంత వరకు కొందరిని దాచి కాపాడొచ్చు. చరిత్రలో వేలు పెట్టకూడదు. చదువు వచ్చినవాళ్లను వెతికి వెతికి చంపుతుంటే పక్కనే నిలబడి చూడాలి. విమర్శకులు దీన్ని స్తాలిన్ కాలం గురించి రాసిన నవల అంటారు, నిజమే. అందులో దుర్మార్గుడైన మంత్రి పేరు రాతప్రతిలో ‘రెబియా’ అని ఉండేదట, స్తాలిన్ రహస్య పోలీసు అధిపతి బేరియా పేరును అటూ ఇటూ చేస్తే వచ్చేది. అది మరీ తెలిసిపోతోందని తోటి రచయిత యెఫ్రేమొవ్ హెచ్చరిస్తే ‘రేబా’ చేశారు. నా మటుకు నేను ఆ నవలను దుబాసి నవలగానే చదువుతాను. రుమాతా బాధ సరిగ్గా ఆ గదిలో కుర్రాడి బాధ. అన్నీ తెలుసు, తన మాటగా ఒక్కటీ అనడానికి లేదు. చివరికి తను ప్రేమించిన పిల్ల కీరాను చంపేస్తే అప్పుడు కత్తి దూస్తాడు. ఆ తర్వాత ఏం జరిగిందో రచయితలు ఎదురుగా చూపించరు. మిగిలిన వాళ్లు మాట్లాడుకుంటుంటే మనకు తెలుస్తుంది.

1949లో చదువు ముగిశాక సైబీరియాలో కాన్‌స్క్‌లో సైనిక దుబాసీలకు పాఠాలు చెప్పాడు. అటుపిమ్మట కమ్చాత్కా, ఖబారోవ్‌స్క్. 1952 నవంబరులో కురీల్ దీవుల్లో సేవెరొ-కురీల్‌స్క్ ఊరిని సముద్రం ఊడ్చుకుపోయినప్పుడు ఆయన అక్కడికి దగ్గర్లో కమ్చాత్కాలోనే సైన్యంలో ఉన్నాడు. దివిసీమ ఉప్పెన తర్వాత శవాల వాసన మధ్య బియ్యం మూటలు మోసిన మా నాన్న, బాబాయి ఆ రోజుల మాట ఎత్తితే మౌనంగా అయిపోయేవారు. కురీల్ దీవుల్లోనే ఒకచోట జరిగే ‘అలాయీద్ తెల్లని శిఖరం’ అనే చిన్న కథ 1959లో వచ్చింది. అందులో మంచు, రాయి, గాలి ఎంత కచ్చితంగా ఉంటాయంటే, అక్కడ ఉండి చలికి వణికినవాడే అలా రాయగలడు.

1955లో సైన్యం నుంచి బయటపడి మాస్కో చేరాడు. మరుసటేడు లేవ్ పెత్రోవ్‌తో కలిసి రాసిన ‘బికినీ బూడిద’ అచ్చయింది. అది సైన్స్ ఫిక్షన్ కాదు, జరిగిన కథ. 1954 మార్చి 1న బికినీ దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబు పరీక్షించింది. దూరంగా చేపలు పడుతున్న జపాన్ పడవ ‘లక్కీ డ్రాగన్’ మీద తెల్లని బూడిద కురిసింది. అందులో ఉన్న 23 మందికీ జబ్బు చేసింది. రేడియో ఆపరేటర్ కుబోయామా ఆ సెప్టెంబరులో చనిపోయాడు. జపనీస్ వచ్చిన సోవియట్ సైనికుడు, కొన్నేళ్ల క్రితం శత్రుదేశం మనుషులుగా వాళ్లనే ఖైదీలుగా చూసినవాడు, తొలి పుస్తకంలోనే జపాన్ జాలరుల పక్షాన నిలబడ్డాడు. పుస్తకంగా అది గొప్పదని అనను, అక్కడక్కడా పత్రికా భాష పంటికింద రాయిలా తగులుతుంది. కానీ ఆ మనిషి ఎటువంటివాడో తెలియాలంటే అక్కణ్నుంచే మొదలుపెట్టాలి.

తర్వాత ప్రచురణ సంస్థల్లో ఎడిటర్ ఉద్యోగం, మరో పక్క అనువాదాలు. నత్సుమే సోసెకి రాసిన ‘నేను పిల్లిని’ నవలను ఇంకొకరితో కలిసి తెచ్చాడు, 1960లో వచ్చింది. అకుతగావా కథలు కొన్ని, అందులో ‘కప్పా’ కూడా. కోబో అబే రాసిన ‘నాలుగో హిమయుగం’ 1965లో. ఇంగ్లీషు నుంచి జాన్ విండమ్ ‘ట్రిఫిడ్ల దినం’ 1966లో. వీటిలో కొన్నింటి మీద అనువాదకుడి పేరు ఎస్. బెరెఝ్‌కొవ్ అని ఉంటుంది. అది ఆయనే. మాస్కోలో మా హాస్టల్ మిత్రుడొకడు విండమ్ అంటే పడిచచ్చేవాడు. వాడు మెచ్చుకున్న ఆ రష్యన్ ఎవరిదో చెప్తే గంతేసినంత పని చేశాడు. బయటి దేశాల సైన్స్ ఫిక్షన్‌ను ఒక తరం సోవియట్ పాఠకులు ఇలా స్త్రుగాత్‌స్కీ చేతిమీదుగానే, ఆ సంగతి తెలియకుండానే చదువుకున్నారు. 1984లో యొషిత్సునే వీరగాథను మధ్యయుగపు జపనీస్ నుంచి తెచ్చాడు. అప్పటికి దేశమంతా ఎరిగిన నవలాకారుడు. డబ్బుకో పేరుకో అయితే ఆ పని అక్కర్లేదు. చేతికి అలవాటైన పనిముట్టు వదల్లేని మనిషి చేసే పని అది.

మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల్లో మన తెలుగువాళ్లూ ఏళ్ల తరబడి ఇదే పని చేశారు. ఉప్పల లక్ష్మణరావు గారు, రాళ్ళబండి వేంకటేశ్వరరావు గారు. నా చిన్నతనపు పుస్తకాల లోపలి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉండే పేర్లు. అప్పట్లో ఆ పేజీ చూడకుండా కథలోకి దూకేవాణ్ని. ఇప్పుడు ఏ పుస్తకం తీసినా ముందు ఆ పేజీయే తీస్తాను.

అన్నదమ్ములు కలిసి రాయడం గురించి బోలెడు కట్టుకథలున్నాయి. అన్న మాస్కోలో, తమ్ముడు లెనిన్‌గ్రాద్‌లో, పుల్కొవో అబ్జర్వేటరీలో పనిచేసే ఖగోళ శాస్త్రజ్ఞుడు. సగం దారిలో ఉన్న బొలొగొయె స్టేషన్లో కలుసుకుని టీ తాగుతూ రాస్తారని చెప్పుకునేవాళ్లు. నిజం అంతకంటే కష్టమైనది. లెనిన్‌గ్రాద్‌లో తల్లి ఇంట్లోనో, రచయితల విశ్రాంతి గృహాల్లోనో కొన్నాళ్లు ఒకచోట ఉండేవారు. ఒకరు టైపు మిషను ముందు, ఇంకొకరు పక్కన. ఒకరు ఒక వాక్యం పైకి అంటారు. రెండోవారు దాన్ని ఖండిస్తారు, మారుస్తారు. ఇద్దరికీ సమ్మతమైతేనే కాగితం మీదికి. ప్రతి పేజీలో ప్రతి వాక్యం నోటితో అని, చెవితో విని, వాదించుకుని రాసినదే. అందుకే వాళ్ల రష్యన్ గట్టిగా చదివితే అంత బావుంటుంది. మా హాస్టల్లో నేను అర్థం కాని పేరాలను పైకి చదివేవాణ్ని, చెవికి వినపడేసరికి సగం అర్థమైపోయేది.

చదివేవాళ్లకు అంత ఇష్టమైన ఆ రచనలను అచ్చువేసేవాళ్లు మాత్రం సతాయించారు. ‘రోడ్డు పక్క పిక్నిక్’ పత్రికలో వచ్చాక సోవియట్ దేశంలో పుస్తకంగా రావడానికి 1980 దాకా పట్టింది. ఎనిమిదేళ్లు. ప్రచురణకర్తలు జాబితాలు పంపేవారు: ఈ మాట మొరటు, ఈ దెబ్బలాట తీసేయండి, ఇక్కడ తాగుడెక్కువ. వచ్చిన పుస్తకం గాయాలతో వచ్చింది. ‘వాలు మీద నత్త’లో ఒక సగం 1966లో ఒక సంకలనంలో వచ్చింది, ఇంకో సగం 1968లో దూరాన ఉలాన్-ఉదేలో వెలువడే ‘బైకాల్’ పత్రికలో వచ్చింది. ఆ పత్రిక సంచికలను తర్వాత లైబ్రరీల నుంచి తీసేశారు. 1972లో పూర్తిచేసిన ‘శాపగ్రస్త నగరం’ అయితే అచ్చుకు ఇవ్వనే లేదు, ఇస్తే మనుషులకే ముప్పు. టైపు ప్రతులను నమ్మకమైన మిత్రుల ఇళ్లలో దాచారు. 1988, 89ల్లో ‘నేవా’ పత్రికలో వచ్చింది. ఆ సంచికలను విశాఖలో ఒక రష్యన్ ఇంజనీరు సెలవులకు వెళ్లొస్తూ నా కోసం మోసుకొచ్చాడు.

‘రోడ్డు పక్క పిక్నిక్’ ఆధారంగా దర్శకుడు తర్కోవ్‌స్కీ తీసిన సినిమా ‘స్టాకర్’ 1979లో వచ్చింది. దానికోసం అన్నదమ్ములు రాసిన స్క్రిప్టు ఎన్నిసార్లు మార్చారో లెక్కలేదు. సగం తీసిన ఫిల్మ్ డెవలపింగ్‌లో పాడైపోయి మళ్లీ తీయాల్సి వచ్చినప్పుడు, తర్కోవ్‌స్కీకి ఏం కావాలో తెలుసుకుని లెనిన్‌గ్రాద్‌కు పరుగెత్తుకెళ్లి తమ్ముడికి చెప్పింది అర్కాదీయే. నవలలో ఉన్న మొరటు దొంగ పోయి, ఆర్తితో వెలిగే అమాయకుడు వచ్చాడు. సొంత నవలను అంతగా చెరిపి, దర్శకుడి మనసులో ఉన్నది రాసిపెట్టడం ఎంతమంది రచయితలకు చేతనవుతుంది? ‘నేను’ను పక్కన పెట్టడం చిన్నప్పటి నుంచీ అలవాటైన మనిషికి అయింది.

1991 అక్టోబరు 12న మాస్కోలో పోయాడు. విశాఖలో మాకు పేపర్లు ఆలస్యంగా వచ్చేవి. ‘నేవా’ తెచ్చిన ఇంజనీరే క్యాంటీన్ దగ్గర నన్ను ఆపి చెప్పాడు. టీ గ్లాసు పట్టుకుని, “అర్కాదీ నతానొవిచ్ పోయాడు” అన్నాడు, ఇంట్లో మనిషి పోయినట్టు. ఆ రోజుల్లో వాళ్లకు దేశం సంగతే అయోమయంగా ఉంది. ఇంటి నుంచి వచ్చే ఉత్తరాల్లో ధరలు, క్యూలు, భయాలు. అయినా ఆ సాయంత్రం ఉక్కునగరంలో వాళ్లింట్లో ఐదారుగురం చేరాం. ఒకరి తర్వాత ఒకరు తమకు నచ్చిన పేరాలు కంఠతా చెప్పారు. ఒక వెల్డింగ్ నిపుణుడు ‘సోమవారం శనివారంతో మొదలవుతుంది’లోంచి పేజీలకు పేజీలు అప్పజెప్పాడు, పుస్తకం లేకుండా. డిసెంబరు ఆఖరికల్లా సోవియట్ యూనియన్ లేదు. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు గారు ప్లాంటును జాతికి అంకితం చేసే నాటికి నాకు తెలిసిన కుటుంబాలు చాలావరకు వెళ్లిపోయాయి. అర్కాదీ చితాభస్మాన్ని ఆయన కోరిక ప్రకారం హెలికాప్టర్ నుంచి గాల్లో చల్లారని తర్వాత ఎప్పుడో చదివాను.

తమ్ముడు ఆ తర్వాత ఇంకో రెండు నవలలు రాశాడు. వాటి మీద స్త్రుగాత్‌స్కీ అని వేసుకోలేదు. ఎస్. వితీత్‌స్కీ అనే కలంపేరు పెట్టుకున్నాడు. అన్న లేకుండా ఆ ఇంటిపేరు పుస్తకం మీద ఉండకూడదనుకున్నాడు. మన తిరుపతి వేంకట కవుల్లో దివాకర్ల తిరుపతిశాస్త్రి గారు 1920లో పోతే, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు తర్వాత రాసినవాటిని కూడా ఇద్దరి పేరు మీదే వేశారు. ఒకరు పేరు ఉంచారు, ఒకరు పేరు తీసేశారు. ఎవరిది ఎక్కువ ప్రేమ అంటే నేను చెప్పలేను, రెండు పనులూ తలచుకుంటే గొంతు పట్టేస్తుంది. బొరీస్ 2012 నవంబరులో పోయాడు.

ఇప్పటి పిల్లలు వీడియో గేముల వల్ల వీళ్ల పేరు విని, ఏది ముందు చదవాలని నన్ను అడుగుతుంటారు. రష్యన్ రాకపోతే ఇంగ్లీషులో ఒలేనా బోర్మషెంకో అనువాదాలు చదవమంటాను. ‘రోడ్‌సైడ్ పిక్నిక్’ 2012లో, ‘హార్డ్ టు బి ఎ గాడ్’ 2014లో వచ్చాయి. ఆ రెండో నవలకు 1973లో వచ్చిన మొదటి ఇంగ్లీషు అనువాదం రష్యన్ నుంచి కాక జర్మన్ నుంచి చేసినది, అది పాత పుస్తకాల షాపులో దొరికినా వదిలేయండి. నన్నడిగితే ముందు ‘హార్డ్ టు బి ఎ గాడ్’, తర్వాతే ‘పిక్నిక్’. ‘స్నెయిల్ ఆన్ ది స్లోప్’ తీరిక ఉన్నప్పుడు, మొదటి యాభై పేజీలు అర్థం కాకపోయినా ఓపిక పట్టగలిగినప్పుడు.

ఇవన్నీ అయ్యాక ‘లేమ్ ఫేట్’ చదవండి. 1986లో ‘నేవా’లో వచ్చింది, 2020లో మాయా వినోకుర్ ఇంగ్లీషు చేశారు. అందులో కథ చెప్పే ఫెలిక్స్ సొరోకిన్ వయసు మళ్లిన మాస్కో రచయిత, ఒకప్పుడు సైన్యంలో జపనీస్ దుబాసి, కమ్చాత్కాలో పనిచేసి వచ్చినవాడు. ఎవరికీ చూపించని రాతప్రతిని నీలం ఫోల్డర్లో దాచుకుంటాడు. ఊళ్లో ఒక యంత్రం ఉంటుంది. కాగితాలు అందులో పెడితే ఆ రచనను ఎంతమంది చదివే అవకాశం ఉందో అంకె చెప్పేస్తుంది. సొరోకిన్ ఆ నీలం ఫోల్డర్ తీసుకెళ్లాలా వద్దా అని మంచులో తిరుగుతుంటాడు. అర్కాదీ తన గురించి తను ‘నేను’ అని చెప్పుకున్న చోటు నాకు తెలిసి అదొక్కటే.